అల్లికలు అలమారాలోనే ఉండాలా?

కుట్లు, అల్లికలు అనగానే మన ఇళ్ళలో కనిపించేవి ఏమిటి? గుమ్మానికి ఊలు తోరణం, షోకేసులో బుద్ధిగా కూర్చున్న ఊలు కుక్కపిల్ల, పుట్టబోయే మనవడి కోసం ముందే సిద్ధమైన టోపీ, మేజోళ్ళు. ఒకప్పుడు టీవీ మీద దర్జాగా పరిచిన తెల్లటి లేసు గుడ్డ, టీవీలు పలచబడి గోడకెక్కాక, ఫ్రిజ్ మీదికి చేరింది. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్ళైతే ప్లాస్టిక్ వైరుతో బుట్టలు. వచ్చిన చుట్టాలు చూసి "అబ్బ, ఎంత ఓపికండీ మీకు!" అంటారు. "ఎంత తెలివండీ!" అని మాత్రం అనరు, గమనించారా? ఇంట్లో మగవాళ్ళైతే "ఏదో కాలక్షేపం లెండి" అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

ఆ కాలక్షేపం అన్న మాట మీదే నాకు పేచీ. మగవాడు బొమ్మ చెక్కితే శిల్పం, రంగు పూస్తే చిత్రం, నాలుగు మాటలు రాస్తే కవిత్వం. ఆడది వెయ్యి కుట్లు లెక్క తప్పకుండా అల్లితే మాత్రం కాలక్షేపం! పోనీ, పేరు ఏదైతేనేం అని ఊరుకోవచ్చు. కానీ ఆ చిన్న పేరు వల్ల మనకో పెద్ద నష్టం జరుగుతోంది. మన చేతిలో ఉన్న విద్య ఇంటి అలంకరణకు తప్ప మరి దేనికీ పనికిరాదని మనమే నమ్మేస్తున్నాం. ఊరికి నీళ్ళు రాకపోయినా, చెత్త పేరుకుపోయినా, బస్సు రాకపోయినా దాని గురించి చెప్పడానికి మైకు ముందు నిలబడే ధైర్యం ఉండాలేమో అనుకుంటాం. సూది, దారం కూడా ఆ మాట చెప్పగలవని మనకెవరూ చెప్పలేదు.

చెప్పగలవు. చెప్పాయి కూడా.

2006లో డెన్మార్క్ దేశపు కళాకారిణి మరియన్నే యోర్గెన్సెన్ ఒక పని చేసింది. తమ దేశం ఇరాక్ యుద్ధంలో పాల్గొనడం ఆమెకు నచ్చలేదు. నినాదాలు రాసిన అట్టలు పట్టుకోలేదు. గులాబీ రంగు ఊలుతో జానెడేసి చదరపు ముక్కలు అల్లి పంపమని అడిగింది. డెన్మార్క్ నుంచీ, బ్రిటన్, అమెరికాల నుంచీ 4,000కు పైగా ముక్కలు వచ్చాయి. వాటన్నిటినీ కలిపి కుట్టి, కోపెన్‌హాగన్ నగరం నడిబొడ్డున ఓ నిజమైన యుద్ధ ట్యాంకుకు తొడిగారు. పసిపాపకు స్వెట్టరు తొడిగినట్టు! ఫిరంగి గొట్టానికి కూడా గులాబీ తొడుగే. ఆ ట్యాంకును చూసినవాళ్ళకి నవ్వు రావాలా, ఏడుపు రావాలా? రెండూ వచ్చి ఉంటాయి. పసిబిడ్డల కోసం అల్లే చేతులకూ, పసిబిడ్డల మీద పడే గుండుకూ ఉన్న దూరాన్ని ఏ ఉపన్యాసం అంత సూటిగా చెప్పగలదు?

ఆస్ట్రేలియాలో పుట్టిన కవల అక్కచెల్లెళ్ళు మార్గరెట్, క్రిస్టీన్ వర్తైమ్‌ల సంగతి ఇంకో రకం. సముద్రం వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లబడి చచ్చిపోతున్నాయన్న బాధతో 2005లో వాళ్ళు క్రోషా సూదితో పగడపు దిబ్బను అల్లడం మొదలుపెట్టారు. క్రోషా వచ్చినవాళ్ళకి ఓ సంగతి తెలుసు. వరుసలో కుట్లు ఎక్కువ పెంచితే అంచు కుచ్చులు కుచ్చులుగా లేస్తుంది. మనం దాన్ని తప్పు పోయిందని విప్పేస్తాం. అమెరికాలో లెక్కలు చెప్పే డైనా టైమినా అనే పంతులమ్మ 1997లో ఆ కుచ్చులతోనే ఓ కష్టమైన రేఖాగణిత రూపాన్ని విద్యార్థుల చేతిలో పెట్టి చూపించింది. పగడాలు కూడా అదే రూపంలో పెరుగుతాయి. ఆ కుట్టుతోనే అక్కచెల్లెళ్ళిద్దరూ దిబ్బను పెంచుతూ పోయారు. దేశదేశాల ఆడవాళ్ళు వేలమంది చేతులు కలిపారు. ఊలుతో కొంత, పారేసిన ప్లాస్టిక్ సంచులతో కొంత. 2019లో వెనిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రసిద్ధ కళా ప్రదర్శనలో ఆ దిబ్బ చోటు సంపాదించుకుంది. కాలక్షేపం ఎంత దూరం వెళ్ళిందో చూశారా?

ఇవన్నీ పెద్ద పెద్ద కళాకారుల పనులు, మనవల్ల అవుతాయా అంటారేమో. జర్మనీలో మ్యూనిక్ ప్రాంతపు ఓ సామాన్య మహిళ సంగతి వినండి. రోజూ రైల్లో ప్రయాణం. రైలు రోజూ ఆలస్యం. ఆవిడ 2018 అంతా రోజుకు రెండు వరుసల చొప్పున ఓ మఫ్లరు అల్లింది. ఆలస్యం 5 నిమిషాల లోపైతే బూడిద రంగు, అరగంట లోపైతే గులాబీ రంగు, అది దాటితే ఎరుపు. సంవత్సరం తిరిగేసరికి రైల్వే వారి నిర్వాకమంతా మెడలో వేసుకోవడానికి తయారైంది! 2019 జనవరిలో దాన్ని వేలం వేస్తే 7,550 యూరోలు పలికింది. ఆ డబ్బు సేవా సంస్థకు ఇచ్చేశారు. అర్జీ రాయలేదు, ఎవరినీ తిట్టలేదు. లెక్క మాత్రం తప్పకుండా అల్లింది. అంతే.

ఈ కథలన్నీ చలి దేశాలవి, నెల్లూరు ఎండల్లో ఊలెక్కడిది అంటారా? అయితే మన కడలి తీరానికే వద్దాం. మా మైపాడు ఇసుకలో నిలబడి ఈ తీరం పట్టుకుని దక్షిణంగా పోతే పులికాట్ దాటి, చెన్నై దాటి మహాబలిపురం వస్తుంది. 1997లో జానెట్ ఎకెల్మన్ అనే అమెరికా చిత్రకారిణి ఉపకార వేతనం మీద మన దేశానికి వచ్చింది. మహాబలిపురంలో తన చిత్రాల ప్రదర్శన పెట్టాలని అనుకుంది. గడువు దగ్గరపడింది గానీ అమెరికా నుంచి రావలసిన రంగులు రానేలేదు. శిల్పాల ఊరు కదా అని పోతపోసిన కంచు బొమ్మలు ప్రయత్నించింది. అవి బరువూ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. దిక్కుతోచక సాయంత్రం సముద్రపొడ్డున నడుస్తుంటే జాలర్లు వలలు పోగులు పోసి చుట్టుకుంటూ కనిపించారు. రోజూ చూసే దృశ్యమే. ఆ రోజు మాత్రం ఆమెకు అందులో శిల్పం కనిపించింది. బరువు లేని శిల్పం, గాలికి ఊపిరి పోసుకునే శిల్పం! ఆ జాలర్లతో కలిసి వలతోనే మొదటి బొమ్మలు చేసింది.

అక్కడి నుంచి ఆమె వల ప్రపంచమంతా పరుచుకుంది. 2005లో పోర్చుగల్ దేశంలోని పోర్టోలో సముద్రతీరాన ఓ కూడలి మీద పెద్ద వల శిల్పం కట్టింది. 2010లో చిలీ దేశంలో పెద్ద భూకంపం వచ్చి, భూమి తిరిగే రోజు సెకనులో పది లక్షల వంతుల లెక్కన 1.26 వంతులు తగ్గిందని అమెరికా శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ఆమె ఆ అంకెనే పేరుగా పెట్టి డెన్వర్ నగరంలో ఓ వలను ఆకాశంలో వేలాడదీసింది. వలలో ఒక్క ముడి లాగితే మొత్తం వల కదులుతుంది. ఎక్కడో భూమి కదిలితే అందరి రోజూ మారుతుంది. 2004 డిసెంబరు 26న ఎక్కడో సుమత్రా దగ్గర భూమి కదిలితే మా నెల్లూరు తీరం దాకా వచ్చిన సునామీని చూసినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పాలా?

నాకు ఈ కథలో సంతోషం ఎంతో, గుచ్చుకునే ముల్లూ అంతే. మన తీరపు వలలో శిల్పం ఉందని చెప్పడానికి సముద్రాలు దాటి ఒకామె రావలసి వచ్చింది. మనం దాని పక్కనే పుట్టాం, దాంట్లో పడ్డ చేపలే తిన్నాం. వలను మాత్రం చూడలేదు.

ఓసారి తీరం వైపు ఊళ్ళో పడవ నీడన కూర్చుని చిరుగులు పోసుకుంటున్న ఒకావిడ దగ్గర కాసేపు కూర్చున్నాను. అరవై దాటి ఉంటాయి. కాలి బొటనవేలికి వల తగిలించి, చేతిలో చెక్క సూదితో ముడి మీద ముడి వేస్తోంది. కళ్ళు నా వైపు, చేతులు వల వైపు.

"కన్ను కొలత ఎట్టా తెలస్తాది అవ్వా?" అని అడిగాను.

"కొలతేంది తల్లీ, వేలే కొలత. ఏ చేపకి ఏ కన్నో చేతికే తెలస్తాది" అంది.

వలతో బొమ్మలు చేసి దేశాల్లో పెడుతున్నారని చెప్తే పకపకా నవ్వింది. "చేప పడని వల ఎందుకమ్మా?" అని, కాసేపు ఊరుకుని, "అయినా మేం చెప్పేది ఎవురూ వినరు. బొమ్మ చెప్తే వింటారేమో" అంది.

నేను కథలు రాసే మనిషిని. అంతకంటే మంచి వాక్యం రాయలేను.

మరి ఆ అవ్వ చెప్పదలచుకున్నది ఏమిటి? మా తీరంలో చెప్పుకోవలసిన సంగతులకు కరువు లేదు. మొదటిది నీళ్ళు. రొయ్యల చెరువులు విచ్చలవిడిగా తవ్వుతున్న రోజుల్లో గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందులో మా నెల్లూరు జిల్లా కుర్రు గ్రామం ప్రస్తావన ఉంది. రొయ్యల చెరువుల వల్ల భూగర్భ జలం ఉప్పుగా మారి 600 మంది మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయింది. ఆడవాళ్ళు గొడవ చేశాకే ట్యాంకర్లతో నీళ్ళు పంపారు. చూడండి, దేశపు అత్యున్నత న్యాయస్థానం కాగితాల్లోకి ఎక్కింది ఆ ఆడవాళ్ళ గొడవ. కానీ మా పిల్లల పాఠాల్లో లేదు, మా ఊరి కూడలిలో దానికో గుర్తు లేదు. తీర్పు వచ్చింది, 2005లో చట్టమూ వచ్చింది, అనుమతులతో సాగూ నడుస్తోంది. బిందె మోసిన నడుముల సంగతే అందరూ మరిచిపోయారు.

రెండోది తాబేళ్ళు. ఏటా చలికాలం చివర, సుమారు జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మా తీరానికి వస్తాయి. నీళ్ళలో బతికినా వాటికి మనలాగే ఊపిరి కావాలి, పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. మరబోట్లు ఈడ్చే పెద్ద వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతాయి. తాబేలు తప్పించుకుపోయే చట్రం వలకు బిగించాలని నిబంధన ఉంది. అయినా ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాలు మనకు కొత్త కాదు. గుడ్లు పెట్టడానికి పుట్టింటికి వచ్చిన ఆడకూతురు శవమై తేలడమేనా?

మూడోది పాత వలలు. నూలు వలల కాలంలో తెగిన వల కొన్నాళ్ళకు కుళ్ళి మట్టిలో కలిసేది. ఇప్పటి నైలాన్ వల తెగి సముద్రంలో పడితే ఏళ్ళ తరబడి మనిషి లేకుండానే వేటాడుతుంది. ఇలా ఏటా 6 లక్షల 40 వేల టన్నుల వలలూ, వేట సామగ్రీ సముద్రాల పాలవుతున్నాయని 2009లో ఐక్యరాజ్యసమితి సంస్థలు అంచనా వేశాయి. దానికి తోడు ఆదివారం సరదాగా వచ్చి మనం వదిలేసి వెళ్ళే కవర్లూ, సీసాలూ!

వీటి గురించి సదస్సుల్లో చెప్తూనే ఉన్నారు. ఆ మాటలు మన దాకా రావు. కానీ బస్టాండు అరుగు మీద నిజమైన తాబేలంత, రెండడుగుల డిప్పతో, తెగిన వల ముక్కలతో అల్లిన తాబేలు ఒకటి పడుకుని ఉందనుకోండి. పిల్లలు తాకుతారు. "ఇదేంటమ్మా?" అని అడుగుతారు. అమ్మ జవాబు చెప్పాలి కదా? జవాబు చెప్పడానికి తను తెలుసుకోవాలి కదా? అక్కడ మొదలవుతుంది అసలు పని.

"కడుపు నిండని కబుర్లు" అనేవాళ్ళుంటారు. నిజమే, గులాబీ స్వెట్టరు తొడిగినందుకు ఇరాక్ యుద్ధం ఆగలేదు. క్రోషా పగడాలు అల్లినందుకు సముద్రం చల్లబడలేదు. అలాగని వ్యర్థమా? మా జిల్లాలోనే చూడండి. సంపూర్ణ అక్షరాస్యత తరగతుల్లో సారాయి తాగే మొగుడితో బాధలు పడ్డ సీతమ్మ కథ పాఠంగా వచ్చింది. కథే కదా, కడుపు నిండదు కదా! కానీ ఆ పాఠాలు చదువుకున్న ఆడవాళ్ళు "ఇది మా కథే" అనుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు, వారిలో ముందు నిలిచిన రోశమ్మ, సారాయి అంగడి మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా అంటుకుని, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే బాధ. నేను చెప్పేదేమిటంటే, ఒక కథ, ఒక బొమ్మ తనంతట తాను ఏదీ మార్చదు. చూసినవాళ్ళకి "ఇది నాదే" అనిపించేట్టు చేస్తుంది. మిగతాది మనుషులు చేస్తారు.

ఇంకో పక్క ప్రమాదం కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో అల్లిక అనగానే గుర్తొచ్చేది నరసాపురం లేసు. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానుల దగ్గర నేర్చుకున్న ఆ విద్య గోదావరి జిల్లాల ఇంటింటికీ పాకి విదేశాలకు ఎగుమతి అయింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ అక్కడ తిరిగి 1982లో ఒక పుస్తకం రాసింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్ళని "ఇళ్ళలో ఉండేవాళ్ళు, ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటారు" అని చెప్పి అతి తక్కువ కూలి ఇచ్చారనీ, లాభం మాత్రం ఎగుమతిదారులకు పోయిందనీ ఆమె చూపించింది. మళ్ళీ అదే మాట, కాలక్షేపం! ఆ మాట కూలి తగ్గించడానికి కూడా పనికొచ్చిందన్నమాట. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఊరికి గుర్తింపు వచ్చింది. అల్లిన చేతులకు?

అందుకే ఇలాంటి బొమ్మలు ఎవరు చేయించినా రెండు షరతులు పెట్టాలంటాను. అల్లిన ప్రతి మనిషి పేరూ బొమ్మ పక్కన రాయాలి. వర్తైమ్ అక్కచెల్లెళ్ళు తమ దిబ్బ ప్రదర్శనల్లో అల్లినవారి పేర్లు పెడతారు, మనకేం పోయింది? రెండోది, వల విద్య తెలిసిన పాళెం ఆడవాళ్ళని పిలిచి నేర్పించుకుంటే వాళ్ళ రోజు కూలి వాళ్ళకి ఇవ్వాలి. వాళ్ళకి అది కాలక్షేపం కాదు. వాళ్ళ బాధ గురించి మనం బొమ్మ చేసి, మన ఫొటో పేపర్లో వేయించుకుని, వాళ్ళని ప్రేక్షకుల్లో నిలబెడితే అంతకన్నా అన్యాయం ఉండదు.

ఎలా మొదలుపెట్టాలంటారా? ఖర్చేమీ లేదు. రోజూ వచ్చే పాల కవర్లు కడిగి ఆరబెట్టండి. అడుగు అతుకు తీసేసి, కవరును చుట్టూ తిప్పుతూ వేలెడు వెడల్పున తెగకుండా కత్తిరిస్తే పొడవాటి పట్టీ వస్తుంది. అలాంటివి ముడేసుకుంటూ పోయి ఉండ చుట్టుకోండి. లావుపాటి క్రోషా సూదితో గొలుసుకుట్టు వచ్చినవాళ్ళెవరైనా అల్లేయవచ్చు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. అప్పుడు పాత వలలు ఒడ్డున పడి ఉంటాయి, చేతులూ ఖాళీగా ఉంటాయి, బడి పిల్లలకు సెలవులు. అడిగి తీసుకుని, శుభ్రంగా ఉతికి వాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. ఎండకీ ఉప్పుగాలికీ ప్లాస్టిక్ పొడిపొడిగా రాలిపోతుంది. బొమ్మను తీరాన నెలల తరబడి వదిలేస్తే మనమూ చెత్త వేసినట్టే. చూపించాక తీసి లోపల పెట్టాలి.

నాకో కోరిక ఉంది. నీటి ఎద్దడి ఉన్న వీధిలో ఇంటికొక బిందె అల్లాలి. నీలం దారంతో, రోజుకో వరుస. నీళ్ళు వచ్చిన రోజు నీలం, రాని రోజు ఎరుపు. మూడు నెలల తర్వాత ఆ బిందెలన్నీ తెచ్చి పంచాయతీ ఆఫీసు మెట్ల మీద వరసగా పెట్టాలి. నినాదం అక్కర్లేదు. ఏ వీధికి ఎన్ని రోజులు నీళ్ళు రాలేదో ఆ బిందెల నడుములే చెప్తాయి. "రోజూ ఇస్తూనే ఉన్నామండీ" అనే అధికారి ఆ ఎర్ర వరసల్ని ఎలా కాదంటాడు? కాగితం మీది లెక్కను చించేయవచ్చు. తొంభై రోజులు ఓపికగా అల్లిన లెక్కను విప్పాలంటే ఆయనకీ తొంభై రోజుల ఓపిక ఉండాలి!

మనకు ఓపిక ఉందని అందరూ ఒప్పుకుంటున్నారు కదా. ఆ ఓపికను ఇన్నాళ్ళూ మన షోకేసుకే ఇచ్చాం. ఈసారి సూది చేతిలోకి తీసుకున్నప్పుడు తోరణమే అల్లుకోండి, కాదనను. ఆ పక్కనే ఇంకో ఉండ పెట్టుకుని మీ వీధి లెక్క కూడా ఒక్క వరుస అల్లి చూడండి. పక్కింటావిడ "ఏంటండీ అది?" అని తప్పకుండా అడుగుతుంది. చెప్పండి. చెప్పి, ఆవిడ చేతికి కూడా ఓ సూది ఇవ్వండి.